రెండు పళ్ల పానా కోసం మూడు ఊళ్లు

పోయిన వేసవిలో జమ్మలమడుగులో మా అమ్మ ఇంటికి సున్నం కొట్టించాలని వెనక వసారా ఖాళీ చేశాం. చింతపండు జాడీలు, విరిగిన మంచం కోళ్లు, నాన్న గొడుగులు మూడు బయటికొచ్చాయి. వాటన్నిటి వెనక గోడకి ఆనించి నాన్న సైకిలు. పదకొండేళ్లుగా దాన్ని ఎవరూ తొక్కలేదు. మా తమ్ముడు పాత ఇనుప సామాన్లతన్ని పిలిచాడు. అతను సైకిల్ని ఒంటి చేత్తో ఎత్తి చూసి, కిలోకి ఇంతని చెప్పాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే, "దాన్ని ఎవరికీ ఇయ్యను. అది మా నాయన కొనిచ్చింది" అంది.

నాకు నలభై ఆరేళ్లు. పుట్టినప్పటి నుంచీ దాన్ని "నాన్న సైకిలు" అనే అన్నాం. అది అమ్మ కట్నంలో వచ్చిందని నాకు ఆ రోజే తెలిసింది.

చేతికి వాచీ, తొక్కడానికి సైకిలు, వినడానికి రేడియో. ఆ కాలంలో అల్లుడు అడిగే మూడు వస్తువులు ఇవి. మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడిగి చూడండి, మూడింట్లో ఒకటైనా తగులుతుంది. వరకట్న నిషేధ చట్టం 1961 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మ పెళ్లి 1968లో. అంటే చట్టం వచ్చి ఏడేళ్లయింది, మా తాతకి ఆ సంగతి తెలుసో లేదో. సైకిలు ధర ఎంతో అమ్మకి ఇప్పటికీ తెలీదు. ఎన్ని మూటల చెనిక్కాయలు అమ్మితే వచ్చిందో మాత్రం తెలుసు. ఆ ఏడు ఇంట్లో నూనె ఆడించుకోవడానికి కాయలు మిగల్లేదని కూడా తెలుసు.

ఇంత జరిగి, అమ్మ దాని సీటు మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. వెనక క్యారియరు మీద కూర్చుంది, ఒళ్లో నన్నో తమ్ముణ్ణో పెట్టుకుని. నాన్న ప్రాథమిక పాఠశాల టీచరు. మైలవరం దాటి పల్లెల్లో పనిచేశాడు, ఇరవై ఏడేళ్లు ఆ సైకిలు మీదే వెళ్లొచ్చాడు. సాయంత్రం మా వీధి పల్లంలోకి రాగానే తొక్కడం ఆపేసేవాడు, సైకిలు దానంతట అదే జారుకుంటూ ఇంటిదాకా వచ్చేది. అప్పుడు వెనక చక్రంలోంచి టిక్ టిక్ టిక్ అని శబ్దం. అది వినబడగానే అమ్మ సంగటి ముద్ద తట్టలో వేసేది.

మా పాప ఇంటర్లో చేరింది. కాలేజీకి సైకిలు మీద పోతానంది. కొత్తది కొందామన్నారు మా వారు. నాకు మాత్రం ఇదే బాగు చేయించి ఇవ్వాలనిపించింది. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు అన్నీ దొరికేవే కదా అనుకున్నాను. నన్ను మూడు ఊళ్లు తిప్పింది టైర్లూ ట్యూబులూ కావు, అరచేతిలో పట్టే ఒక పానా.

ముందు అసలు ఈ సైకిలు ఎవరు చేసిందో తెలుసుకుందామనుకున్నాం. ముందు భాగాన ఉండాల్సిన కంపెనీ బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. తమ్ముడు అట్లాస్ అంటాడు, నేను హెర్క్యులెస్ అంటాను. సీటు కింద తోలు సంచిలో ఒక ఇత్తడి బిళ్ల మాత్రం దొరికింది, అంకెలు అరిగిపోయి. అది కంపెనీది కాదు, పన్ను కట్టినట్టు ఇచ్చే బిళ్ల. మోటారు బండికి కట్టినట్టు సైకిలుకి కూడా పన్ను కట్టిన రోజులవి. మా పాప నమ్మలేదు.

మనవాళ్లకి సైకిళ్లు మొదట ఇంగ్లండు నుంచే వచ్చాయి. 1939లో బొంబాయిలో హింద్ సైకిల్స్ మొదలైంది. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టారు, హెర్క్యులెస్ బండ్లు అక్కడ తయారయ్యేవి. అప్పటికి మన కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో. బెంగాల్లో అసన్సోల్ దగ్గర సెన్ ర్యాలీ. పేర్లు వేరైనా ఆకారం ఒక్కటే, ఇంగ్లండులో పోస్టుమాన్లు, పోలీసులు తొక్కే నల్లటి భారీ సైకిలు. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. బరువు మోసేది వెనకది కనుక. పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక బియ్యం మూట ఎక్కినా వంగని చక్రం. తమ్ముడు చెప్పే అట్లాస్ వాళ్ల చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

సరే, మన చక్రం దగ్గరికి వద్దాం. నాన్న సైకిలు తొక్కితే పెడల్ తిరుగుతోంది, గొలుసు తిరుగుతోంది, వెనక పళ్ల చక్రం తిరుగుతోంది, సైకిలు మాత్రం ఉన్నచోటే ఉంది. దాన్నే ఫ్రీవీలు అంటారు. ముందుకి తొక్కితే చక్రాన్ని పట్టుకుని తిప్పాలి, తొక్కడం ఆపితే వదిలేయాలి. లోపల రంపం లాంటి పళ్లు, వాటి మీద చిన్న ఇనుప నాలుకలు, నాలుకల వెనక సన్నటి తీగ స్ప్రింగు. నాలుక పంటికి తట్టుకుంటే చక్రం కదులుతుంది, పంటి మీద జారితే టిక్ టిక్ మంటుంది. గ్రీజు ఎండి జిగురైపోతే నాలుకలు లోపలికే అతుక్కుపోతాయి. జమ్మలమడుగులో సైకిలు షాపాయన కిరసనాయిలు పోసి కడిగాడు. ఒక పూట పట్టింది, మళ్లీ వదిలేసింది. స్ప్రింగు విరిగిందన్నాడు. పైగా గొలుసు వైపు రెండు పుల్లలు తెగున్నాయి. ఆ పుల్లలు ఎక్కించాలన్నా ఫ్రీవీలు అడ్డం. దాన్ని విప్పితే తప్ప ఏదీ కాదు.

విప్పడం ఎందుకంత కష్టమో అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఊరగాయ సీసా మూతలాగే ఫ్రీవీలు కూడా మరల మీద బిగుసుకుని ఉంటుంది. మనం పెడల్ తొక్కే దిక్కు, ఆ మర బిగిసే దిక్కు ఒక్కటే. ఎత్తు ఎక్కిన ప్రతిసారీ, ఎదురుగాలిలో బలంగా తొక్కిన ప్రతిసారీ అది ఇంకొంచెం బిగుస్తుంది. ఇరవై ఏడేళ్లు నాన్న కాళ్లు బిగించిన మూత అది. నా చేతికొస్తుందా?

దాని ముఖం మీద ఎదురెదురుగా రెండు గాట్లు ఉన్నాయి. వాటిలో సరిగ్గా కూర్చునే రెండు పళ్ల పానా ఉండాలి. ఆ షాపులో అది లేదు. ఉలి పెట్టి సుత్తితో కొడితే వచ్చేస్తుందిలేమ్మా అన్నాడు. వద్దనాల్సింది. నాలుగు దెబ్బలకి ఒక గాటు అంచు చిట్లిపోయింది, ఫ్రీవీలు వెంట్రుకంత కూడా కదల్లేదు. ఇక మిగిలింది రంపంతో కోసేయడమే అన్నాడు. నేను చక్రం ఊడదీయించుకుని గోనెసంచిలో చుట్టుకుని ప్రొద్దుటూరు వచ్చేశాను.

నేనుండేది ప్రొద్దుటూరులోనే. బంగారం అంగళ్లకి, బట్టల వ్యాపారానికి మా ఊరిని రెండో బొంబాయి అంటారు, అలాంటి చోట ఒక పానా దొరకదా అని ధీమా. గేరు సైకిళ్లు అమ్మే పెద్ద షాపుకి వెళ్లాను. అద్దాల బీరువాలో తళతళలాడే పనిముట్లు. లోపల గీతలు గీతలుగా పళ్లున్న గుండ్రటి పానా ఒకటి, నాలుగు పళ్లది ఒకటి. రెండు పళ్లది లేదు. "ఇలాంటి ఫ్రీవీలు నేను చూడలేదాంటీ" అన్నాడు ఆ కుర్రాడు. నాలుగు పళ్లదాన్ని పెట్టి చూశాడు, రెండు పళ్లు గాట్ల మీదికి రాలేదు, మిగతా రెండూ ముఖాన్ని గీకాయి. ఆన్‌లైన్‌లో వెతికి ఒకటి తెప్పించాను. బొమ్మలో రెండు పళ్లున్నాయి, డబ్బాలో నాలుగున్నాయి. తిప్పి పంపాను. ఇంకొకటి తెప్పిస్తే పళ్లు రెండే కానీ వాటి మధ్య ఎడం తక్కువ. మా వారు ఏమీ అనలేదు గానీ, కొరియరు కుర్రాడొచ్చిన ప్రతిసారీ నవ్వుకునేవారు.

అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. వంట అయ్యాక మధ్యాహ్నాలు, ఫోనులో. ఒకటే ప్రశ్న నాది: సైకిళ్లన్నీ ఒక్కలాగే ఉన్నప్పుడు పానా ఎందుకు ఒక్కటి కాదు?

సైకిలు మొదట్లో ఫ్రీవీలు లేకుండానే ఉండేది. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్, మన సైకిళ్లన్నిటికీ ముత్తవ్వ లాంటిది, దానికీ లేదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరగాల్సిందే, పల్లంలో కాళ్లు గాల్లోకి ఎత్తేసేవారట. ఫ్రీవీలు ఆలోచన అంతకంటే పాతదే, 1869లోనే అమెరికాలో వాన్ ఆండెన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. కానీ అది వాడుకలోకి వచ్చేసరికి 1900 దగ్గర పడింది. గౌన్లు వేసుకున్న ఆడవాళ్లకి దానివల్ల ఎంత తేడా వచ్చుంటుందో ఊహించుకోండి. ఆపినా ఆగని పెడల్‌లో గౌను అంచు చిక్కుకుంటే ఏం గతి? కాళ్లు కదపకుండా సైకిలు జారుతుంటే అంచు ఒకసారి సర్దుకోవచ్చు. ఓణీ వేసుకుని, చీర కట్టుకుని తొక్కినవాళ్లకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. అమెరికాలో ఫ్రాన్సెస్ విల్లార్డ్ అనే సంఘ సంస్కర్త యాభై మూడేళ్ల వయసులో సైకిలు నేర్చుకుని, 1895లో దాని మీద ఒక పుస్తకమే రాసింది.

మనకి దగ్గర్లో జరిగింది తమిళనాడు పుదుక్కోట్టై సంగతి. 1991 నుంచి అక్కడ అక్షరాస్యతా ఉద్యమంలో చదువుతో పాటు ఆడవాళ్లకి సైకిలు కూడా నేర్పించారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆవిడ. క్వారీ కూలీలు, అంగన్‌వాడీ పనివాళ్లు, టీచర్లు వేల మంది నేర్చుకున్నారు. ఆడవాళ్ల సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారట, ముందు కడ్డీ ఉంటే పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. ఈ సంగతులన్నీ పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి చదువు సారా వ్యతిరేక పోరాటానికి దారి తీసింది. మా జమ్మలమడుగులో 1991లో నాకు పదమూడేళ్లు. నాన్న సైకిలు అడ్డతొక్కుడు తొక్కానని అవ్వతో చీపురు దెబ్బలు తిన్నాను. ఇరవై ఐదేళ్ల తర్వాత మన రాష్ట్రంలోనే 'బడికొస్తా' అని ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లు పంచారు. అవ్వ ఉంటే ఏమనేదో!

పానా సంగతి. ఫ్రీవీలు లోపలి మరకి ఇంగ్లండు వాళ్లు ఒక కొలత పెట్టుకున్నారు: 1.37 అంగుళాల అడ్డం, అంగుళానికి 24 మరలు. ఫ్రెంచి వాళ్లది 34.7 మిల్లీమీటర్లు, మర మరకీ ఒక మిల్లీమీటరు. చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, ఒకదాని మీద ఒకటి బలవంతంగా ఎక్కిస్తే రెండూ పాడవుతాయి. ఇటలీ వాళ్లది ఇంకొకటి. చివరికి ప్రపంచంలో ఎక్కువ భాగం ఇంగ్లీషు కొలతకే వచ్చింది, మన దేశంలో మొదటి నుంచీ అదే. జపాన్లో సకాయి అని ఊరుంది, ఒకప్పుడు కత్తులకీ తుపాకులకీ పేరు. అక్కడ 1921లో మొదలైన షిమానో కంపెనీ మొట్టమొదట చేసిన వస్తువు కూడా ఫ్రీవీలే. ఇంకో కంపెనీ సన్‌టూర్ ఒక కాలంలో రెండు గాట్లు పెట్టింది, తర్వాత నాలుగు పెట్టింది. ఇంకొందరు గాట్లు మానేసి లోపల గీతలు పెట్టారు. లోపలి మర మీద అందరూ ఒప్పుకున్నారు గానీ, విప్పడానికి పెట్టే గాటు మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. బిగించడానికి ఏ పానా అక్కర్లేదు, తొక్కితే అదే బిగుస్తుంది. విప్పే రోజు ఎవరికి కావాలి? అమ్ముకునేవాడికి అక్కర్లేదుగా.

ఇది చదివాక నాకు ఒకటి అర్థమైంది. కొత్త షాపులో వెతికి లాభం లేదు, ఈ సైకిలంత వయసున్న మనిషిని వెతకాలి.

మా ఆడబిడ్డది పులివెందుల. ఫోనులో ఈ గోలంతా చెబితే, "వదినా, మా వీధి చివర ఒక సాయిబన్న ఉండాడు, డెబ్భై దాటింటాయి, తెచ్చి చూపించు" అంది. గోనెసంచి మళ్లీ సర్దుకుని ముద్దనూరు మీదుగా బస్సెక్కాను. కండక్టరు చక్రానికి టికెట్టు అడగలేదు, సీటు పక్కన పెట్టుకోనిచ్చాడు.

ఆయనది షాపు అనడానికి లేదు, వేపచెట్టు కింద ఒక రేకుల పందిరి. చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని ఫ్రీవీలు రెండు వైపులా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "కుత్తాలు పోయినాయమ్మా" అన్నాడు. "కుత్తా అంటే కుక్కే కదన్నా?" అన్నాను. "ఆఁ, కరిచి పట్టుకునేదీ, వదిలేదీ కదా" అని నవ్వాడు. ఆ ఇనుప నాలుకలకి ఆయన పెట్టుకున్న పేరనుకున్నాను. హిందీ వాళ్లు కూడా అలాగే అంటారని తర్వాత తెలిసింది.

చిట్లిన గాటు చూసి మాత్రం ఆయన ముఖం మారింది. "ఉలి పెట్టినారా?" అన్నాడు. నేను తల ఊపాను. పెట్టె అడుగు నుంచి నల్లటి గుడ్డ మూట తీశాడు. అందులో రెండు పళ్ల పానా. ఏ కంపెనీదీ కాదు. ఆయనకి పని నేర్పినతను పాత లారీ ఆక్సిల్ ముక్కని లేత్ మీద కోయించి చేయించుకున్నదట. పళ్లు గాట్ల మీద పెడితే ఎడం సరిపోయింది, కానీ చిట్లిన వైపు పన్ను నిలవట్లేదు.

"దీన్ని ఈ రోజు ముట్టుకోను" అన్నాడు. మరల్లోకి దిగేలా కిరసనాయిలు, నూనె కలిపి పోసి చక్రాన్ని పడుకోబెట్టాడు. రెండు రోజులు ఆడబిడ్డ ఇంట్లో ఉన్నాను. ఉదయం, సాయంత్రం వెళ్లి చూసొచ్చేదాన్ని, ఆసుపత్రిలో మనిషిని చూసినట్టు. మూడో రోజు సన్న ఆకురాయితో చిట్లిన గాటుని ఇంకొంచెం లోతుగా, అంచులు నిలువుగా ఉండేలా రుద్దాడు. దానికే గంట పట్టింది. ఇప్పుడు పన్ను కూర్చుంది.

తర్వాత చేసింది చెబుతాను, మీ ఇంట్లోనూ ఇలాంటి చక్రం ఉండొచ్చు. పానాని గాట్లలో పెట్టి, దాని మీద నుంచి ఆక్సిల్‌కి నట్టు ఎక్కించాడు. పానా జారిపోకుండా పట్టి ఉంచడానికే, అందుకే చేతి బిగువు మాత్రమే. ఇలా నట్టు పెట్టకే సగం మంది గాట్లు చిట్లగొట్టుకుంటారన్నాడు. పానాని పైకి వచ్చేలా వైస్‌లో బిగించి, చక్రాన్ని దాని మీద బోర్లించాడు. అంటే తిప్పాల్సింది పానాని కాదు, చక్రాన్ని. అంత పెద్ద రిమ్మే చేతికి పిడి అన్నమాట. "నువ్వు ఆ పక్క పట్టుకోమ్మా. ఎడమకి. గుంజొద్దు, బరువు ఎయ్యి" అన్నాడు. బస్సు స్టీరింగు పట్టుకున్నట్టు ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కదల్లేదు. ఇది కూడా కాకపోతే ముందున్న మూత విప్పి, లోపలి గోళీలన్నీ రాల్చి, ఫ్రీవీలు పగలగొట్టి తీయాలని ముందే చెప్పాడు. అప్పుడు హబ్బు దక్కొచ్చు, దక్కకపోవచ్చు. హబ్బు పోతే చక్రం పోయినట్టే, కొత్త చక్రం వేస్తే అది ఇంక మా తాత కొన్న సైకిలు ఎంత మాత్రం?

మూడోసారికి టక్ మని శబ్దమొచ్చింది. ఏదో విరిగిందనుకుని వదిలేశాను. ఆయన మాత్రం వెంటనే నట్టు వదులు చేశాడు, వదులు చేయకుండా ఇంకా తిప్పితే నట్టు మరే పోతుందట. ఆ తర్వాత చేత్తోనే తిరిగొచ్చింది.

హబ్బు మీది మరలు గుడ్డతో తుడిస్తే మెరిశాయి. ఆడబిడ్డ కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, వెర్నియర్ తెచ్చి కొలిచాడు. సుమారు 34.8 మిల్లీమీటర్లు, అంటే ఆ ఇంగ్లీషు అంగుళాల లెక్కే. బజార్లో కొన్న 18 పళ్ల కొత్త ఫ్రీవీలు దాని మీద వేళ్లతో తిప్పితే చుట్టు చుట్టుగా ఎక్కేసింది. యాభై ఏళ్ల తేడా ఉన్న రెండు వస్తువులు అలా కలుస్తుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. ముందు రెండు పుల్లలు ఎక్కించి, మరల నిండా గ్రీజు పూశాడు. ఇంకో ఇరవై ఏళ్లకి ఎవరైనా విప్పాల్సొస్తే తిట్టుకోకూడదు కదా అన్నాడు. డబ్బులు అడిగితే కూలీ మాత్రం చెప్పాడు. ఆ పానా అమ్ముతావా అన్నా అని అడిగాను. మూట కట్టేశాడు.

పాప ఇప్పుడు ప్రొద్దుటూరులో కాలేజీకి దాని మీదే పోతోంది. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక 18. ఒక్కసారి పెడల్ తిప్పితే అయిదు మీటర్లకి పైనే పోతుందని లెక్కకట్టి చెప్పింది. బరువుగా ఉందని రోజూ సణుగుతుంది, ఇంకొకరికి ఇవ్వమంటే ఇవ్వదు.

పోయిన నెల అమ్మ వచ్చింది. వాకిట్లో స్టాండు వేసున్న సైకిలు దగ్గర నిలబడి, చేత్తో పెడల్ని వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ తిప్పింది. శబ్దం పాతదానికంటే గట్టిగా ఉందంది. గ్రీజు ఇంకా అన్ని వైపులా పట్టలేదేమో, నూనె చుక్క వేసి చూడాలి.